ఐడీఈ జంపర్లా, బయాస్ సెట్టింగులా: డ్రైవ్ ఎవరి మాట వింటుంది?

ప్రశ్న – మారేడ్‌పల్లి లెక్కలు

అందరికీ నమస్కారం. చిన్న ఆడిట్ ఆఫీసులో పాత సిస్టమ్ ఒకటి ఉంది, దాని గురించి సాయం కావాలి.

సిస్టమ్‌లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. అది 160 జీబీ సాటా (సన్న కేబుల్ రకం) డ్రైవ్ మీద ఉంది. బోర్డులో ఐడీఈ (పాత వెడల్పు కేబుల్ రకం) పోర్టు ఒక్కటే. దానికి 80 జీబీ వెస్టర్న్ డిజిటల్ డ్రైవ్ ఎప్పట్నుంచో ఉంది, బాగానే పనిచేస్తోంది. ఇప్పుడు బీరువాలోంచి ఇంకో 80 జీబీ డ్రైవ్ బయటికి తీశాం, సీగేట్ బర్రాకుడా, అది కూడా ఐడీఈ. అందులో పాత ట్యాలీ డేటా కాపీ చేసుకోవాలి.

రెండింటినీ ఒకే కేబుల్‌కి తగిలిస్తే బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఒకటి కూడా కనబడదు. రెండింటికీ జంపర్లు (డ్రైవ్ వెనక రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగులు) పూర్తిగా తీసేసే పెట్టాం, సిస్టమే చూసుకుంటుందని. తర్వాత సీగేట్ ఒక్కదాన్నే ఉంచి, జంపర్ అటూ ఇటూ మార్చి చూస్తే ఒకచోట కనబడింది కానీ సైజు 31.5 జీబీ అని చూపిస్తోంది. ఎక్స్‌పీలో తెరవబోతే ఫార్మాట్ చెయ్యమంటోంది. ఏమీ చెయ్యకుండా ఆపేశాం.

దీనికి తోడు నాలుగు రోజులు సెలవులొచ్చి మెయిన్ ఆఫ్ చేస్తే, మళ్ళీ ఆన్ చేసిన రోజు నీలం తెర, చివర 7బి అని ఉండే కోడ్. బయాస్‌లో తేదీ కూడా ఎక్కడికో వెనక్కి పోతోంది.

ఇంకొకటి. కొత్త విండోస్ 10 మెషీన్‌లో పెడదామని 1 టీబీ వెస్టర్న్ డిజిటల్ గ్రీన్ సాటా డ్రైవ్ ఉంచాం. మోడల్ 10ఈఏఆర్ఎస్. దాని వెనక 7, 8 పిన్నుల మీద జంపర్ ఉంది. సాటాకి కూడా జంపరేమిటి? తీసేయొచ్చా?

ఇలాంటివాటికి జంపర్ నమ్మాలా, బయాస్ సెట్టింగ్ నమ్మాలా? పాత డిస్క్‌లో ఏమీ రాయకుండా లాక్ చేసే జంపర్ ఏమన్నా ఉంటుందా?

జవాబు 1 – పాత కేబుల్

ముందు ఐడీఈ సంగతి. జంపర్ తీసేస్తే ఆటోమేటిక్ అనుకోవడం దగ్గరే తేడా వచ్చింది. జంపర్ లేకపోవడం కూడా ఒక సెట్టింగే, అదీ కంపెనీకొక అర్థం. వెస్టర్న్ డిజిటల్‌లో జంపర్ లేకపోతే 'సింగిల్', అంటే ఈ కేబుల్ మీద నేనొక్కదాన్నే అని. సీగేట్‌లో జంపర్ లేకపోతే 'స్లేవ్', అంటే మాస్టర్ అనే మొదటి డ్రైవ్ పక్కన రెండోది. మీరు రెండూ తీసేసరికి ఒకటి ఒంటరిదాన్నంటోంది, ఇంకోటి రెండోదాన్నంటోంది. రెండు డ్రైవ్‌లూ పవర్ ఇవ్వగానే ఒకే తీగల మీద ఒకదాన్నొకటి పలకరించుకోవాలి. ఆ పలకరింపే తప్పితే బయాస్‌కి ఏదీ దొరకదు. బయాస్‌లో ఏ ఆప్షన్ మార్చినా ఇది సర్దుకోదు, ఎందుకంటే ఎవరు మాస్టరో తేల్చేది బయాస్ కాదు. డ్రైవ్‌లో తేలిపోయిన సంగతిని బయాస్ చదువుతుంది, అంతే.

పిన్నుల లెక్క ఇది. వెస్టర్న్ డిజిటల్ 10 పిన్నుల బ్లాకులో 5-6 కలిపితే మాస్టర్, 3-4 స్లేవ్, 1-2 కేబుల్ సెలెక్ట్ (కేబుల్ మీది స్థానాన్ని బట్టి మాస్టరో స్లేవో తేలడం). జంపర్‌ని నిలువుగా కాక అడ్డంగా గుచ్చి ఉంటే అది ఊరికే పోగొట్టుకోకుండా దాచినట్టు, జంపర్ లేనట్టే లెక్క. సీగేట్ బర్రాకుడాలో 40 పిన్నుల సాకెట్ పక్కనే ఉన్న 7-8 జత మాస్టర్, దాని పక్క 5-6 కేబుల్ సెలెక్ట్. నా లెక్క కన్నా డ్రైవ్ లేబుల్ మీది బొమ్మే నమ్మండి. బొమ్మని డ్రైవ్ ఏ వైపు తిప్పి గీశారో చూసుకోండి, చాలామంది తలకిందులుగా చదువుతారు.

రెండూ కలిసి ఉండాలంటే వెస్టర్న్ డిజిటల్‌ని 5-6 మీద మాస్టర్ చేసి, సీగేట్‌కి జంపర్ తీసి స్లేవ్‌గా వదిలేయండి. తర్వాత సీగేట్ తీసేసిన రోజున వెస్టర్న్ డిజిటల్ జంపర్ కూడా తీసి మళ్ళీ సింగిల్ చెయ్యాలి. మాస్టర్‌గానే వదిలేస్తే ఆ పాత మోడళ్ళు లేని స్లేవ్ కోసం ఎదురుచూస్తూ బూట్‌ని లేటు చేస్తాయి, ఒక్కోసారి అసలు కనబడవు.

కేబుల్ సెలెక్ట్ వాడాలంటే రెండింటికీ అదే పెట్టాలి. ఒకటి కేబుల్ సెలెక్ట్, ఇంకోటి మాస్టర్ అని కలపకూడదు. కేబుల్ కూడా 80 తీగలది కావాలి. సన్నటి గీతలు దగ్గరదగ్గరగా ఉంటే 80, లావుగా ఉంటే 40. 80 తీగల కేబుల్‌లో నీలం కనెక్టర్ బోర్డుకి, చివరి నలుపు మాస్టర్‌కి, మధ్య బూడిద రంగు స్లేవ్‌కి. బూడిద కనెక్టర్‌లో 28వ పిన్ను తీగకి తగలకుండా వదిలేస్తారు, డ్రైవ్ తన స్థానం తెలుసుకునేది దాన్ని బట్టే. అంటే ఇక్కడ స్విచ్చి కేబుల్ లోపలే ఉందన్నమాట.

ఒక్క డ్రైవే పెట్టేటప్పుడు మధ్య కనెక్టర్‌కి పెట్టకండి, చివర నలుపుకే పెట్టండి. మిగిలిన తీగ ముక్క గాల్లో వేలాడితే సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కొస్తుంది. సీఆర్‌సీ తప్పులు (డేటా దారిలో చెడడం) పెరుగుతాయి, ఎక్స్‌పీ కొన్నాళ్ళకి ఆ డ్రైవ్‌ని డీఎంఏ అనే వేగం పద్ధతి నుంచి పీఐఓ అనే నిదానం పద్ధతికి దించేస్తుంది. అప్పుడు కాపీ నత్తనడకే.

బయాస్‌లో చూడాల్సింది ఒక్కటే. ఐడీఈ ఛానెల్ 'ఆటో' మీద ఉండాలి, 'నన్' మీద కాదు.

జవాబు 2 – గల్లీ టెక్కీ

అన్నా, డేటా కాపీ కోసమే అయితే గింత లొల్లి ఎందుకు? సీగేట్‌ని తీసి యూఎస్‌బీ ఐడీఈ అడాప్టర్‌కి తగిలించు, విండోస్ 10లకే డైరెక్టుగ తీస్కో. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల సీటీసీకి (కంప్యూటర్ సామాన్ల కాంప్లెక్స్) పోతే దొర్కుతది. తీస్కునేటప్పుడు 12 వోల్టుల పవర్ బ్రిక్ ఉందా లేదా చూడు. 3.5 అంగుళాల డ్రైవ్‌కు 5 వోల్టులు, 12 వోల్టులు రెండూ కావాలె. ఉత్త యూఎస్‌బీ పవర్‌తోని మోటర్ తిరగది.

జంపర్ మాత్రం మాస్టర్ మీదనే ఉంచు. చానా అడాప్టర్లు మాస్టర్‌నే అడుగుతయి, స్లేవ్ పెడ్తే కండ్లు మూస్కుంటయి. ముందు ఐడీఈ సాకెట్ గుచ్చు, తర్వాత పవర్ ఇయ్యి, మోటర్ చప్పుడు సాఫ్ అయినంక యూఎస్‌బీ పెట్టు.

ఇంకోటి, జంపర్ మార్చినవ్ గని పవర్ బంద్ చేసే మార్చినవా? డ్రైవ్ జంపర్‌ను పవర్ వచ్చినప్పుడే చదువుతది. నడుస్తుండంగ తీసినా పెట్టినా దానికి తెల్వది. రీస్టార్ట్ కొడ్తే సరిపోదు, పూరా ఆఫ్ చేసి పది సెకండ్లు ఆగాలె.

ల్యాప్‌టాప్ 2.5 అంగుళాల ఐడీఈ డ్రైవ్ చేతికొస్తే జాగ్రత్త. ఆడ 44 పిన్నులు, తర్వాత ఒక సందు, తర్వాత జంపర్‌వి నాలుగు పిన్నులు ఉంటయి. అడాప్టర్‌ను ఒక వరుస జరిపి గుచ్చినవనుకో, 5 వోల్టులు పోవద్దన్న కాడికి పోతయి. బోర్డు కాలితే ఇగ జంపర్ ముచ్చటే ఉండది.

జవాబు 3 – సెక్టార్ 63

పై ఇద్దరూ చెప్పింది సరైనదే. అయితే గల్లీ టెక్కీ చెప్పిన అడాప్టర్ పెట్టినా 31.5 జీబీ సమస్య పోదు, అది డ్రైవ్‌లో ఉంది కాబట్టి.

'జంపర్ నమ్మాలా, సెట్టింగ్ నమ్మాలా' అని అడిగారు. నమ్మకం పక్కన పెట్టి ఆ సెట్టింగ్ ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు చదవబడుతుంది అని అడిగితే మీ నాలుగు సమస్యలూ విడివిడిగా తేలిపోతాయి.

31.5 జీబీ: ఇది మీరు జంపర్ అటూ ఇటూ మార్చినప్పుడు వచ్చిందే. 1999 ప్రాంతపు బయాస్‌లు 65,535 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు దాటితే బిగుసుకుపోయేవి. గుణిస్తే 6,60,59,280 సెక్టార్లు (512 బైట్ల ముక్కలు), అంటే దాదాపు 33.8 జీబీ. విండోస్ లెక్కలో 31.5. ఆ బోర్డుల కోసం డ్రైవ్ కంపెనీలు సామర్థ్యాన్ని తగ్గించి చెప్పే జంపర్ ఒకటి పెట్టాయి. సీగేట్ లేబుల్ మీద మాస్టర్, స్లేవ్ బొమ్మల తర్వాత 32 జీబీకి పరిమితం అనే బొమ్మ ఉంటుంది. జంపర్‌ని అక్కడి నుంచి తీసి 7-8కి మార్చండి.

తీస్తే డేటాకి ఏమీ కాదు. పరిమితి లేనప్పుడు డిస్క్‌ని విభజించి ఉంటే, పార్టిషన్ టేబుల్ (డిస్క్ విభజన పట్టిక) 80 జీబీ అంటుంటే డ్రైవ్ 33 అంటోంది. ఆ తగవు చూసే ఎక్స్‌పీ ఫార్మాట్ అడిగింది. జంపర్ తీయగానే తగవు తీరుతుంది. ఒకవేళ పరిమితి ఉన్నప్పుడే విభజించి ఉంటే చివర్న ఖాళీ స్థలం అదనంగా కనబడుతుంది, అంతే. ప్రమాదమల్లా పరిమితి ఉన్న స్థితిలో చెక్‌డిస్క్ (విండోస్ డిస్క్ మరమ్మతు ప్రోగ్రామ్) నడపడంలో. అందని సగాన్ని పాడైందనుకుని అది సరిచెయ్యబోతుంది. మీరు ఆపేసి మంచి పని చేశారు.

జంపర్ తీశాక కూడా తక్కువే చూపిస్తే అప్పుడు సాఫ్ట్‌వేర్ పరిమితి ఉన్నట్టు. దాన్ని హోస్ట్ ప్రొటెక్టెడ్ ఏరియా అంటారు. ఏ ప్రోగ్రామైనా డ్రైవ్‌కి ఒక ఆదేశం పంపి పెట్టగలదు, డ్రైవ్ దాన్ని తనలోనే గుర్తుంచుకుంటుంది, ఏ సిస్టమ్‌కి తగిలించినా వదలదు. లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి హెచ్‌డీపార్మ్ కమాండ్‌ని పెద్ద ఎన్ ఆప్షన్‌తో అడిగితే రెండు అంకెలు వస్తాయి. రెండోది డ్రైవ్ అసలు సామర్థ్యం, 80 జీబీకి సాధారణంగా 156301488. మొదటిది అంతకంటే తక్కువుంటే పరిమితి ఉన్నట్టే. దీనికి డ్రైవ్‌ని నేరుగా బోర్డుకే తగిలించండి, చాలా యూఎస్‌బీ అడాప్టర్లు ఈ ఆదేశాన్ని అవతలికి పంపవు.

7బి నీలం తెర: ఇది డ్రైవ్ తప్పు కాదు, బ్యాటరీ అయిపోయింది. సాటా మోడ్ (బోర్డు సాటా డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతి) పాత ఐడీఈనా, కొత్త ఏహెచ్‌సీఐనా అన్నది బయాస్ సీమాస్ మెమరీలో ఉంటుంది. దాన్ని నిలబెట్టేది బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ. మెయిన్ ఉన్నంతసేపు ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై పెట్టె) నుంచి స్టాండ్‌బై కరెంటు వస్తుంది కాబట్టి బిళ్ళ చచ్చిపోయినా తెలియదు. సెలవులకి మెయిన్ ఆపగానే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి పోతాయి. మీ బోర్డు డిఫాల్ట్ ఏహెచ్‌సీఐ అయి ఉంటుంది. ఎక్స్‌పీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ సొంతంగా లేదు, తన డిస్క్ తనకే అందక 7బి కొడుతుంది. తేదీ వెనక్కి పోవడమే సాక్ష్యం.

మల్టీమీటర్‌తో బిళ్ళ చూడండి. కొత్తది 3 వోల్టుల పైనే ఉంటుంది, 2.7 దగ్గరికొస్తే మార్చెయ్యండి. మార్చాక బయాస్‌లో సాటా మోడ్‌ని మళ్ళీ ఐడీఈ చేసి, తేదీ సరిచేసి సేవ్ చెయ్యండి. బయాస్ పేజీలని ఫోన్‌తో ఫొటోలు తీసి, ఒక ప్రింటు క్యాబినెట్ లోపలి తలుపుకి అతికిస్తే వచ్చే మనిషికి తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో జంపర్‌దే పైచేయి: బ్యాటరీ అక్కర్లేదు, మూత తీస్తే కంటికి కనబడుతుంది.

గ్రీన్ డ్రైవ్ 7-8 జంపర్: దీన్ని తొందరపడి తీయకండి. ఈఏఆర్ఎస్ మోడళ్ళలో లోపలి సెక్టార్ 4,096 బైట్లు, బయటికి 512 అని చెబుతుంది. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ని 63వ సెక్టార్ నుంచి మొదలుపెడుతుంది. 63ని 8తో భాగిస్తే సరిగ్గా పోదు, కాబట్టి ప్రతి 4 కేబీ ముక్కా రెండు అసలు సెక్టార్ల మీద పడుతుంది. రాసిన ప్రతిసారీ డ్రైవ్ పాతది చదివి, కలిపి, తిరగరాయాలి. 7-8 జంపర్ ప్రతి చిరునామాకీ ఒకటి కలుపుతుంది. 63 కాస్తా 64 అయి సరిపోతుంది. డిస్క్ మొత్తం ఒకటే పార్టిషన్‌గా ఎక్స్‌పీలో వాడేవాళ్ళ కోసం పెట్టిన ఉపాయం అది.

విస్టా నుంచి విండోస్ 2,048వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, అది 8తో చక్కగా భాగం పోతుంది. జంపర్ ఉంచి విండోస్ 10లో కొత్తగా విభజిస్తే 2,049 అయి, లేని సమస్య వచ్చి పడుతుంది. అలాగని డేటా ఉండగా జంపర్ తీస్తే చిరునామాలన్నీ ఒక సెక్టార్ జరిగిపోతాయి. విండోస్ ఇనిషియలైజ్ అనో ఫార్మాట్ అనో అడుగుతుంది. పొరపాటున తీసినా, ఏమీ రాయకుండా పవర్ ఆపి జంపర్ తిరిగి పెడితే డేటా మళ్ళీ కనబడుతుంది. మీరు చెయ్యాల్సిన వరస: జంపర్ ఉండగానే డేటా వేరేచోటికి కాపీ, తర్వాత పవర్ ఆపి జంపర్ తీయడం, డిస్క్‌పార్ట్‌ (విండోస్ డిస్క్ విభజన కమాండ్) లో క్లీన్, కొత్త పార్టిషన్.

అదే బ్లాకులో 5-6 మీద జంపర్ ఉంటే సాటా వేగాన్ని 1.5 గిగాబిట్లకి తగ్గిస్తుంది, పాత కంట్రోలర్ల కోసం. 3-4 అయితే పవర్ వచ్చినా ఆదేశం వచ్చేదాకా మోటర్ తిరగదు. సెకండ్‌హ్యాండ్ డ్రైవ్ 'చచ్చిపోయింది' అని పక్కన పెట్టేముందు ఈ జంపర్ ఒకసారి చూడాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో డ్రైవ్‌లు కొనేవాళ్ళు ముఖ్యంగా.

మారేడ్‌పల్లి లెక్కలు

అందరికీ థాంక్స్. బిళ్ళ 2.1 వోల్టులు చూపించింది, మార్చాం, మోడ్ ఐడీఈకి పెట్టాం. సీగేట్ జంపర్ 32 జీబీ బొమ్మ దగ్గరే ఉంది. 7-8కి మార్చి ఒక్కదాన్నే నల్ల కనెక్టర్‌కి పెడితే బయాస్‌లో 80 జీబీ వచ్చింది. ఎక్స్‌పీలోకి ఇంకా వెళ్ళలేదు. ఏమీ రాయకుండా లాక్ చేసే సంగతి చెబితే అప్పుడు కాపీ మొదలుపెడతాం. మెమరీ కార్డుకి పక్కన ఉండే లాక్ లాంటిది డ్రైవ్‌కి ఉండదా?

జవాబు 4 – రాగి తీగ

లెక్కలు గారూ, డెస్క్‌టాప్ ఐడీఈ, సాటా డ్రైవ్‌లకి అలాంటి జంపర్ మామూలుగా ఉండదు. కొన్ని స్కజీ (సర్వర్లలో వాడిన పాత రకం) డ్రైవ్‌లకి ఉండేది.

మీరు చెప్పిన కార్డు లాక్ గురించి ఒక మాట. ఎస్‌డీ కార్డు పక్కన జరిగే ఆ ప్లాస్టిక్ ముక్క వెనక తీగ ఏదీ లేదు. కార్డుకి తను లాక్ అయిన సంగతే తెలియదు. రీడర్ సాకెట్‌లో ఉన్న చిన్న మీట ఆ ముక్క ఎక్కడుందో తడిమి చూసి కంప్యూటర్‌కి చెబుతుంది, రాయకుండా ఆగాల్సింది కంప్యూటర్. మీట వంగిన రీడర్లో లాక్ వేసినా రాసేస్తుంది, ముక్క ఊడిపోయిన కార్డు లాక్ వెయ్యకపోయినా రాయనివ్వదు. చూడ్డానికి హార్డ్‌వేర్, పని మాత్రం సాఫ్ట్‌వేర్ చేతిలో. పాత 3.5 అంగుళాల ఫ్లాపీ అలా కాదు, కిటికీ తెరిచి ఉంటే డ్రైవ్ సర్క్యూటే రాయడాన్ని ఆపేసేది. అందుకని సెక్టార్ 63 గారు జంపర్‌కి ఇచ్చిన 'కంటికి కనబడుతుంది' అన్న మార్కులో సగం కోస్తాను. కనబడేదంతా డ్రైవ్ చదువుతోందని కాదు.

రెండు డ్రైవ్‌ల యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ల వెనక రెయిడ్ మోడ్ (రెండు డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) కోసం ఉండే డిప్ స్విచ్చులూ ఇంతే. చాలావాటిలో స్విచ్చి జరిపితే ఏమీ కాదు. పక్కన సన్నటి రంధ్రంలో పిన్నుతో సెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తేనే కొత్త మోడ్ ఎక్కుతుంది, అప్పుడు డేటా పోతుంది. లోపలి కాగితం చూడకుండా వాటి జోలికి పోకండి.

ఇక మీ పని. ఎక్స్‌పీలోకి వెళ్తే అది మీరు అడక్కపోయినా డిస్క్ మీద సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ లాంటివి రాసుకుంటుంది. అసలైన అడ్డుకట్ట కావాలంటే రైట్ బ్లాకర్ అని వేరే పెట్టె దొరుకుతుంది, డ్రైవ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చుని రాసే ఆదేశాల్ని మింగేస్తుంది. కోర్టు వ్యవహారం కాదు కాబట్టి మీకు అంత ఖర్చు అక్కర్లేదు. లైనక్స్ లైవ్‌లో బూట్ చేసి, ఫైల్ మేనేజర్‌లో డిస్క్ మీద నొక్కకుండా, ముందు బ్లాక్‌డెవ్ కమాండ్‌కి సెట్-ఆర్ఓ ఆప్షన్ ఇచ్చి ఆ డ్రైవ్‌ని రీడ్ ఓన్లీ చెయ్యండి. ఇది కెర్నెల్ మెమరీలో ఉండే గుర్తు మాత్రమే, డ్రైవ్ తీసి పెట్టినా, రీబూట్ చేసినా మళ్ళీ ఇవ్వాలి.

తర్వాత ఫైళ్ళు ఏరుకోకుండా మొత్తం డిస్క్‌ని డీడీరెస్క్యూ కమాండ్‌తో ఇమేజ్ (ఒకే ఫైలుగా పూర్తి నకలు) తీయండి, మ్యాప్ ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునేది) పేరు తప్పకుండా ఇవ్వండి. మొదటిసారి చిన్న ఎన్ ఆప్షన్‌తో, అంటే చదవడం కష్టమైన చోట్లని గీకకుండా వదిలేసి ముందు తేలిగ్గా వచ్చేది మొత్తం తీసుకుంటుంది. మిగిలినవాటికి ఆర్3 (మూడుసార్లు మళ్ళీ ప్రయత్నించమని) ఇచ్చి అదే మ్యాప్ ఫైల్‌తో మళ్ళీ నడపండి. ఇమేజ్ పెట్టే డిస్క్‌లో కనీసం 80 జీబీ ఖాళీ ఉండాలి. అది ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గర ఫైలు ఆగిపోతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని ఈఎక్స్‌టీ4 గాని ఉండాలి. ఏది మూలం, ఏది గమ్యం అని డ్రైవ్ సీరియల్ నంబర్ చూసి నిర్ధారించుకోండి. రెండూ 80 జీబీలే అయినప్పుడు సైజు చూసి పోల్చుకోలేరు, అందుకే ఆ పని అయ్యేదాకా వెస్టర్న్ డిజిటల్‌ని కేబుల్ నుంచి ఊడదీసే ఉంచండి.

గల్లీ టెక్కీ

జంపర్ పోగొట్టుకుంటే కోఠి గుజరాతీ గల్లీల దొర్కుతయి. గని సైజు చెప్పి తీస్కో. డెస్క్‌టాప్ ఐడీఈవి ఎక్కువ 2.54 మిల్లీమీటర్లు. సాటా డ్రైవ్‌లల్ల, ల్యాప్‌టాప్ డ్రైవ్‌లల్ల 2 మిల్లీమీటర్లది పడ్తది. పెద్దది బలవంతంగ గుచ్చితే పిన్ను వంగుతది. పాత డ్రైవ్ ఒకటి పట్కపోయి పెట్టి చూస్కోని కొను.